అపవాది (సాతాను) బోధ అన్నదాన్నే జార్జ్ ముల్లర్ గారు ఎందుకు నమ్మారు?

(శనివారం సాయంత్రం బైబిలు స్టడీలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ వందనాలు. వెనక వరసలో వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, మైకు కొంచెం పెంచండి తమ్ముడూ. చాలు, చాలు.

జార్జ్ ముల్లర్ గారి పేరు విననివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు. ఉండరని నాకు తెలుసు. మన సండే స్కూళ్లలో ఆయన కథ వినకుండా ఏ పిల్లాడూ పెద్దవాడు కాడు. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరం, అనాథ పిల్లల్ని పెంచడం, మనుషుల్ని చందా అడగకుండా దేవుణ్ణే అడగడం, ఇవన్నీ మీకు కంఠతా వచ్చు. సరే. ఆయన ఏర్పాటు సిద్ధాంతాన్ని నమ్మారని, అంటే జగత్తు పునాది వేయకముందే దేవుడు తన ప్రజల్ని ఏర్పరచుకున్నాడని గట్టిగా నమ్మారని ఎంతమందికి తెలుసు? రెండు చేతులు. మూడు. ఆ మూడోది మా తమ్ముడిది, అది లెక్కలోకి రాదు.

ఈ రోజు ఆ సంగతే మాట్లాడతాను. అనాథాశ్రమాల గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసిందే కాబట్టి. 1829లో ఒక వేసవి, ఇంగ్లండులో సముద్రం పక్కన ఒక చిన్న ఊరు, 23 ఏళ్ల జర్మన్ కుర్రాడు. అంతే.

ఎందుకు ఈ విషయం ఎంచుకున్నానంటే, మన సంఘాల్లో రిఫార్మ్డ్ థియాలజీ, అంటే జాన్ కాల్విన్ దారిలో ఈ ఏర్పాటుని బోధించే వేదాంతం, అనగానే ఒక టెన్షన్ ఉంది. ఉందా లేదా? "మా అబ్బాయి కాల్వినిస్టు అయిపోయాడండీ" అని ఒక తల్లి నాతో అన్నారు. ఆ అన్న గొంతు వింటే పిల్లాణ్ణి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలేమో అనిపించింది. ఆమెని తప్పుపట్టను. ఆ సిద్ధాంతం పేరుతో ఫోన్లలో అర్ధరాత్రి దాకా కొట్లాడుకునే కుర్రాళ్లని ఆమె చూశారు. పొద్దున కుటుంబ ప్రార్థనకి లేవని కుర్రాళ్లని కూడా చూశారు. అన్నీ దేవుడే నిర్ణయించేస్తే ఇక ప్రార్థన దేనికి, సువార్త దేనికి అని భయం. న్యాయమైన భయమే. అందుకే, ప్రార్థన అంటే మనందరికీ ముందు గుర్తొచ్చే మనిషినే తీసుకున్నాను.

ముందు మనిషిని చూద్దాం. ప్రష్యాలో, అంటే ఇప్పటి జర్మనీలో, క్రోపెన్‌స్టెట్ అనే ఊళ్లో 1805లో పుట్టారు. తండ్రి పన్నులు వసూలు చేసే సర్కారు ఉద్యోగి. ఆ సర్కారు డబ్బులోంచే కొడుకు దొంగతనం. పద్నాలుగేళ్ల వయసులో, ఇంట్లో తల్లి చావుబతుకుల్లో ఉందని తెలియక, అర్ధరాత్రి దాటేదాకా పేకాడుతూ కూర్చున్నాడు. పదహారేళ్లకి సత్రాల్లో దర్జాగా తిని, డబ్బు కట్టలేక జైలుకెళ్లాడు. ఇవి ఎవరో గిట్టనివాళ్లు చెప్పినవి కావు, ఆయనే తన జీవిత వృత్తాంతంలో రాసుకున్నారు. తండ్రి ఉద్దేశం మాత్రం కొడుకు పాదిరి కావాలని. ఎందుకు? దేవుని సేవ కోసమా? అబ్బే. పాదిరికి మంచి జీతం, మంచి ఇల్లు ఉంటాయి, ముసలితనంలో కొడుకు దగ్గర హాయిగా ఉండొచ్చని. ఎందుకు నవ్వుతున్నారు? మనకి తెలియని సంగతా ఇది?

అలా హాలే విశ్వవిద్యాలయంలో వేదాంత విద్యార్థి అయ్యారు. చదువుకునే రోజుల్లో ఆయన దగ్గర సుమారు 300 పుస్తకాలు ఉండేవట. బైబిలు లేదు. 1825 నవంబరులో బేటా అనే స్నేహితుడు, తాను వాగ్నర్ అనే విశ్వాసి ఇంట్లో శనివారం కూటానికి వెళ్తున్నానని చెప్పాడు. పాట పాడతారు, వాక్యం చదువుతారు, ఒక అచ్చు ప్రసంగం చదువుతారు, అంతే. అది వినగానే ముల్లర్ గారికి, జీవితమంతా వెతుకుతున్నదేదో దొరికినట్టు అనిపించిందట. ఎందుకలా అనిపించింది? తాగి తిరిగే కుర్రాడికి ఇంటి ప్రార్థన మీద ఆశ ఎక్కడిది? వెళ్లారు. అక్కడొకాయన మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంటే చూశారు. అంతకుముందు అలా మోకరించి ప్రార్థించేవాళ్లని ఆయన చూడలేదు. తిరిగి వస్తూ బేటాతో, మనం ఇన్నాళ్లూ అనుభవించిన సరదాలన్నీ ఈ ఒక్క సాయంత్రం ముందు ఎందుకూ పనికిరావు అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ ఆశ ఎవరు పుట్టించారు అన్న ప్రశ్న ఆయనకి అప్పుడు రాలేదు. నాలుగేళ్లు రాలేదు. రక్షణ పొందడానికి ఏర్పాటు సిద్ధాంతం తెలిసి ఉండనక్కర్లేదు, గమనించండి. మన రిఫార్మ్డ్ తమ్ముళ్లు ఇది కాస్త గట్టిగా గమనించాలి.

ఆ నాలుగేళ్లు ఏం చేశారు? ప్రార్థించారు, కరపత్రాలు పంచారు, మిషనరీ కావాలని తపించారు. కానీ బైబిలు తక్కువ చదివారు. భక్తుల పుస్తకాలు, మిషనరీ పత్రికలు, ప్రసంగాలు చదివారు. మొదటి నాలుగేళ్లు దేవుని మాటల కన్నా మనుషుల రాతలకే ఎక్కువ టైమ్ ఇచ్చానని ఆయనే బాధపడి రాసుకున్నారు. ఇవాళ మనం ఏం చేస్తున్నాం? పొద్దున లేవగానే యూట్యూబ్‌లో ఒక ప్రసంగం, బస్సులో ఒక ప్రసంగం, పడుకునేటప్పుడు ఒకటి. వినండి, వద్దనను. నా ప్రసంగం కూడా రికార్డవుతోంది కదా. కానీ రోమా పత్రిక మొదటినుంచి చివరిదాకా ఒక్క కూర్చున్నపాటున చదివి ఎన్నాళ్లయింది?

సరే, 1829. మార్చి నెలలో లండన్ వచ్చారు, యూదుల మధ్య పనిచేసే ఒక మిషన్ సొసైటీలో తర్ఫీదు కోసం. హీబ్రూ, అదీ ఇదీ కలిపి రోజుకి పన్నెండు గంటల చదువు. ఆరోగ్యం దెబ్బతింది. మే నెలలో మంచాన పడ్డారు, బతకననుకున్నారు. కాస్త తేరుకున్నాక గాలి మార్పు కోసం వేసవిలో డెవన్ జిల్లాలో టిన్‌మత్ అనే సముద్రతీరపు ఊరికి పంపారు. అక్కడే హెన్రీ క్రెయిక్ పరిచయమయ్యారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

ఆ ఊళ్లో ఎబెనెజర్ అనే చిన్న ప్రార్థనా మందిరాన్ని మళ్లీ తెరుస్తున్నారు. ముల్లర్ గారు వెళ్లారు. అక్కడ మాట్లాడినవాళ్లలో ఒకాయన ఆయన మనసుని పట్టేశారు. ఆ బోధకుని పేరు ముల్లర్ గారు రాయలేదు. ఏమని రాశారంటే, ఆయన చెప్పినవన్నీ నాకు నచ్చలేదు, కానీ మిగతావాళ్లలో లేని గంభీరత ఆయనలో కనపడింది అని. చూడండి, చెప్పింది నచ్చలేదు, మనిషి నచ్చాడు. తర్వాత ఎక్స్‌మత్‌లో ఆ బోధకుడు బస చేసిన ఇంట్లోనే పది రోజులు ఒకే కప్పు కింద ఉండే అవకాశం దొరికింది. పది రోజులు కలిసి భోంచేసి, కలిసి ప్రార్థించి, కలిసి వాక్యం చదివితే మనిషి ఏంటో తెలిసిపోతుంది. యూట్యూబ్ కామెంట్లలో ఈ వసతి లేదు.

ఇప్పుడు అసలు విషయం. టిన్‌మత్ చేరిన కొత్తలో ముల్లర్ గారు మూడింటికి బద్ధ వ్యతిరేకి. ఒకటి, ఏర్పాటు. రెండు, క్రీస్తు ప్రత్యేకంగా తన ప్రజల కోసమే ప్రాయశ్చిత్తం చేశాడన్నది. మూడు, దేవుడు రక్షించినవాణ్ణి చివరిదాకా తానే నిలబెడతాడన్నది. ఎంత వ్యతిరేకం అంటే, ఏర్పాటు అనేది అపవాది సిద్ధాంతం అన్నారు. ఈ మాట ఎవరో అంటగట్టింది కాదు, ఆయనే రాసుకున్నారు. ఇంకో మాట కూడా రాసుకున్నారు, అది నాకు మరీ ఇష్టం. నేను ఎప్పటికీ దేవుని బిడ్డనే అని రుజువైతే, ఒకటి రెండేళ్లు లోకంలోకి వెళ్లి తిరిగి, మళ్లీ ప్రభువు దగ్గరికి వచ్చేయొచ్చు కదా, చివరికి రక్షణ ఎలాగూ ఉంటుంది అని ఆయన శరీర మనసు, అంటే పాపం వైపు లాగే మనసు, చాలాసార్లు అనుకునేదట! ఎంత నిజాయితీ! మనలో ఎంతమందిమి ఇది బయటికి అంటాం? "రక్షణ పోదు, భద్రత ఉందని చెబితే జనం పాడైపోతారు" అని ఊరందరి గురించి అంటాం గానీ, "నేను పాడైపోతాను" అని అనం.

అక్కడినుంచి ఎలా మారారు? ఎవరో వాదించి గెలిచారా? లేదు. గదిలో కూర్చుని కొత్త నిబంధన మొదటినుంచి, ఈ ప్రశ్న ఒక్కటే మనసులో పెట్టుకుని, చదువుకుంటూ వెళ్లారు. వ్యాఖ్యానాలు పక్కన పెట్టేశారు. ఆ రోజుల్లోనే, గది తలుపు వేసుకుని వాక్యంతో ప్రార్థనగా కూర్చున్న మొదటి సాయంత్రం, కొన్ని గంటల్లో, అంతకుముందు కొన్ని నెలల్లో నేర్చుకోనిది నేర్చుకున్నానని రాశారు. చదివాక ఆయనకే ఆశ్చర్యం. ఏర్పాటునీ, చివరిదాకా నిలబెట్టే కృపనీ స్పష్టంగా చెప్పే వచనాలు, వాటికి వ్యతిరేకంగా కనిపించే వచనాలకి సుమారు నాలుగు రెట్లు ఉన్నాయట. ఆ వ్యతిరేకంగా కనిపించిన కొద్ది వచనాలు కూడా, తర్వాత జాగ్రత్తగా పరిశీలిస్తే, ఇదే సత్యాన్ని బలపరిచాయట.

లెక్క విని మోసపోకండి. సత్యం ఓట్లతో తేలేది కాదు, నాలుగు రెట్లున్నా, నాలుగో వంతున్నా. దేవుడు ఒక్కసారి చెప్పినా చాలు. నాకు ఆ లెక్క కన్నా ఆ రెండో మాట ముఖ్యం, ఎదురు వచనాల్ని ఆయన దాటవేయలేదు అన్నది. ఒక ఉదాహరణ నేను చూపిస్తాను, ఇది నా ఉదాహరణ. బైబిళ్లు తెరవండి, మత్తయి 11. ఇరవై ఎనిమిదో వచనం మన గోడ క్యాలెండర్లన్నిటి మీదా ఉంటుంది. ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి. అందరికీ పిలుపు. అవునా? ఇప్పుడు ఆ పైన చూడండి, ఇరవై ఐదు నుంచి ఇరవై ఏడు. తండ్రి ఈ సంగతుల్ని జ్ఞానులకు మరుగుచేశాడు, పసిబాలురకు బయలుపరిచాడు, కుమారుడు ఎవరికి బయలుపరచాలనుకుంటాడో వాళ్లకే తండ్రి తెలుస్తాడు. ఇది క్యాలెండర్ మీద ఎవరూ వేయరు! కానీ రెండూ ఒకే నోటినుంచి, ఒకే సందర్భంలో, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఎడం కూడా లేకుండా వచ్చాయి. యేసు ప్రభువుకి ఇబ్బంది లేదు. మనకెందుకు ఇబ్బంది? యోహాను 6:37 ఇంటికెళ్లి చూసుకోండి, అక్కడ రెండూ ఒకే వచనంలో ఉంటాయి.

ఇప్పుడు నా దృష్టిలో ఇవాళ్టి ప్రసంగానికి గుండెకాయ ఏదో చెప్తాను. ముల్లర్ గారు కొత్త నిబంధన తెరవకముందు రెండు విషయాలు జరిగాయని రాశారు. లేఖనం ఏది చెబితే అది ఒప్పుకోవడానికి సిద్ధపడ్డానన్నారు. అది మనందరం చెప్పేదే. రెండోది వినండి. పాపుల మారుమనస్సు విషయంలో నాకంటూ ఏ ఘనతా లేకుండా ఉండడానికి, నేను కేవలం ఒక సాధనాన్ని మాత్రమే అనుకోవడానికి నాకు ఇష్టం కలిగించబడింది అన్నారు. ఇష్టపడ్డాను అనలేదు, ఇష్టం కలిగించబడింది అన్నారు. అంటే ఇన్నాళ్లూ అడ్డుగా నిలిచింది ఏ వచనం? ఏ వచనమూ కాదండి. ఘనత! ఫలానా ఊళ్లో నా కూటానికి ఇంతమంది రక్షించబడ్డారు అని పోస్టరు మీద వేసుకునే ఆ ఘనత. మన కాలవ మీద లస్కరు ఉంటాడు. తలుపెత్తుతాడు, నీళ్లు చేలోకి వెళ్తాయి. ఆయన పని ఆయన చేయాలి, చేయకపోతే పంట పోతుంది. కానీ ఏ లస్కరూ "గోదావరి నేనే పారించాను" అని ఫ్లెక్సీ కట్టించడు. మేం బోధకులం కట్టిస్తున్నాం.

అందుకే నేను కుర్రాళ్లతో అంటుంటాను, ఏర్పాటు సిద్ధాంతం నీకు నిజంగా ఎక్కిందో లేదో నీ వాదనలో తెలియదు. నీ సేవ గురించి నువ్వు మాట్లాడే తీరులో తెలుస్తుంది.

మరి నమ్మాక ఏమైంది? లోకంలోకి వెళ్లి రెండేళ్లు తిరిగి వచ్చారా? ఏర్పాటు, భద్రత రెండూ నమ్మిన తర్వాత, ముందుకన్నా దేవునికి దగ్గరగా నడిచాననీ, తన జీవితంలో ఎత్తుపల్లాలు తగ్గాయనీ రాశారు. ఇంకా నేను చాలా బలహీనుణ్ణే అని కూడా ఆ పక్కనే రాశారు. మరుసటి ఏడాది, 1830లో, ఆ టిన్‌మత్ మందిరానికే కాపరి అయ్యారు. సభ్యులు 18 మంది. జీతం ఏడాదికి 55 పౌండ్లు. ఆ జీతం ఎలా వచ్చేదంటే, మందిరంలో కుర్చీలకి అద్దె. డబ్బున్నవాడికి మంచి చోటు, లేనివాడికి వెనక మూల. యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివి, ఇది కుదరదని, అదే ఏడాది అక్టోబరులో జీతం వదిలేశారు. అప్పటికి కొత్తగా పెళ్లయింది! ఆ నెల 7వ తేదీనే పెళ్లి. అక్కయ్యలు అలా చూడకండి, భార్య మేరీ గారు కూడా ఒప్పుకున్నారు. రక్షణలో మనిషి చేతిమీద ఆధారపడనివాడు రొట్టె విషయంలో కూడా మనిషి చేతిమీద ఆధారపడడం మానేశాడు, ఇది నేను చూసే సంబంధం. తర్వాత 1832లో బ్రిస్టల్, 1836లో అనాథ గృహం, మిగతా కథ మీకు తెలుసు. 1898లో చనిపోయేనాటికి పదివేలమందికి పైగా పిల్లలు ఆ గృహాల నీడలో పెరిగారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి, లేకపోతే మా ప్రెస్బిటేరియన్ మిత్రుడు ముందు వరసలోంచి లేచేలా ఉన్నారు. ముల్లర్ గారిని పూర్తి అర్థంలో రిఫార్మ్డ్ అనలేం. 1830లో విశ్వాసిగా బాప్తిస్మం తీసుకున్నారు, పసిపిల్లల బాప్తిస్మం వదిలేశారు. ప్రెస్బిటేరియన్లు పాటించే వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం లాంటిదాని కింద సంతకం పెట్టలేదు. ఆయన సహవాసం, ఆ రోజుల్లో కొత్తగా మొదలైన బ్రదరన్ అనే విశ్వాసుల గుంపుతో. రక్షణ విషయంలో కృపా సిద్ధాంతాల్ని, అంటే ఇందాక చెప్పిన ఏర్పాటు లాంటివాటిని, పట్టుకున్నారు, దాని దగ్గర ఆగారు. ఆగకూడదని మిత్రుడు అంటారు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మన గోదావరి జిల్లాల వాళ్లకి ఇంకో సంగతి. మేరీ గారి అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ఎక్సెటర్‌లో పళ్ల డాక్టరు. మంచి ప్రాక్టీసు వదిలి బాగ్దాదుకి మిషనరీగా వెళ్లారు, తర్వాత ఇండియా వచ్చారు. 1836లో ఆయనతో పాటు ఓడెక్కి వచ్చినవాళ్లే విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు. మచిలీపట్నం, ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. వాళ్లు బయల్దేరింది అదే డెవన్ జిల్లా బార్న్‌స్టేపుల్ నుంచి, రాబర్ట్ చాప్మన్ కాపరిగా ఉన్న సంఘం నుంచి. ఆ సంఘం మొదట పర్టిక్యులర్ బాప్టిస్టుల మందిరం, అంటే ఏర్పాటు నమ్మే బాప్టిస్టులది. బౌడెన్ గారు, బీర్ గారు ఏమేం బోధించారని నేను వాదన పెట్టుకోను. కానీ "ఈ బోధ నిన్నగాక మొన్న అమెరికా నుంచి ఫోన్లలో దిగింది" అనే మాట ఉందే, అది మాత్రం నరసాపురంలో నిలబడి అనకండి.

ఇందాకటినుంచి ఒక చీటీ నా చేతిలో ఉంది. ఒక అక్కయ్య పంపారు. పేరు చదవను. "దేవుడు ఏర్పరచుకున్నవాళ్లే వస్తారంటే, మా అబ్బాయి కోసం నేను ప్రార్థించడం దేనికి?" అని రాశారు. అక్కయ్యా, దీనికి నా జవాబు కాదు, ముల్లర్ గారి జవాబు చెప్తాను. 1844 నవంబరులో ఆయన ఐదుగురి మారుమనస్సు కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అప్పటికి ఏర్పాటు నమ్మి పదిహేనేళ్లయింది. జబ్బుగా ఉన్నా, బాగున్నా, నేల మీదైనా, ఓడలోనైనా, ఒక్క రోజూ మానలేదు. పద్దెనిమిది నెలలకి ఒకరు వచ్చారు. ఐదేళ్లకి రెండో మనిషి. ఆరేళ్లకి మూడో మనిషి. మిగతా ఇద్దరు? దాదాపు 36 ఏళ్లు గడిచాక ఆయన రాశారు, వాళ్లింకా రాలేదు, నేనింకా ప్రార్థిస్తూనే ఉన్నాను, జవాబు కోసం చూస్తూనే ఉన్నాను అని. అన్నీ మనిషి ఇష్టం మీదే ఆధారపడి ఉంటే, ముప్పై ఆరేళ్లు వద్దన్నవాడి కోసం దేవుణ్ణి అడగడమెందుకు? దేవుడు ఆ మనసు మార్చగలడని నమ్మాడు కాబట్టే అడిగాడు. ఎవరు ఏర్పరచబడ్డారో చూసుకుని ప్రార్థించమని మనకి జాబితా ఇవ్వలేదు. మీ అబ్బాయి పేరు అందులో లేదని మీకెవరు చెప్పారు?

కూటం అయ్యాక కాసేపు ఉండండి అక్కయ్యా. బాబు పేరు చెబితే మేమూ రోజూ ప్రార్థన చేస్తాం. మిగతావాళ్లకి బయట టీ ఉంది, ప్రశ్నలుంటే టీ తర్వాత అడగండి.